బాపుకు దమ్ము: పంపు వాడితే అలవాటైపోతుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మీ బాపుకు 61 ఏళ్లు. ఊరు పరకాల దగ్గర. పడుచు వయసు నుంచి బీడీలు తాగుతున్నారు. ఐదారేళ్లుగా దగ్గు, తెమడ, నాలుగడుగులు గట్టిగా వేస్తే దమ్ము, అంటే ఆయాసం. దమ్ము లేచినప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకునేవారు, ఇప్పుడది వారానికొకటి అయింది. హనుమకొండలో చూపిస్తే సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకయ్యే, ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) అని చెప్పి పంపు, అంటే ఇన్‌హేలర్ రాశారు. ఊళ్లో మాత్రం "పంపు మొదలుపెడితే చచ్చేదాకా వదలదు" అంటున్నారు, బాపు దాన్ని బీరువాలో పెట్టేశారు. అమ్మకు కూడా దగ్గు ఉంది కానీ ఆమె బీడీ ముట్టలేదు. ఇది నయమవుతుందా, పంపు వాడాలా వద్దా, ఊళ్లో ఇంకా చాలామందికి ఇలాగే ఉంది, ఏం చేయొచ్చు అని మీరు అడిగారు.

నేను ఛాతీ డాక్టర్ని. ఇరవై రెండేళ్లుగా హనుమకొండలో ప్రాక్టీసు చేస్తున్నాను. వీలైనప్పుడల్లా ఆదివారాలు పల్లెల్లో క్యాంపులకు వెళ్తాను. నాకు తెలిసింది చెప్తాను.

ఈ జబ్బు పూర్తిగా పోదు. కానీ బీడీ మానేసి, పంపు రోజూ సరిగ్గా వాడితే మీ బాపు చాలా ఏళ్లు తన పనులు తాను చేసుకుంటూ బతకొచ్చు. పంపు బీరువాలోంచి ఈరోజే తీయించండి. వారం వారం ఇంజెక్షన్ మాన్పించాలి, కానీ డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కరోజులో కాదు. ఎందుకో కింద చెప్తాను.

ముందు లోపల ఏం జరుగుతోందో చూడండి. మన భాషలో ఊపిరితిత్తులు అనే మాటే ఉంది కదా, కొలిమి దగ్గర తిత్తి గుర్తు తెచ్చుకోండి. గాలి నిండాలి, నొక్కితే బయటికి పోవాలి. ఏళ్ల తరబడి పొగ పీలిస్తే గాలి గొట్టాల లోపలి పొర వాచి దారి ఇరుకవుతుంది, తెమడ పేరుకుంటుంది, చివర ఉండే సన్నటి గాలి తిత్తుల గోడలు చిరిగిపోతాయి. వీళ్లకు అసలు కష్టం గాలి లోపలికి పోవడం కాదు, బయటికి రావడం. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి చోటెక్కడ? అందుకే ఛాతీ పీపాలాగా ఉబ్బుతుంది, మాట్లాడుతుంటేనే ఎగపోస్తుంది. చిరిగిన గోడలు మళ్లీ అతుక్కోవు. అందుకే పూర్తిగా నయం కాదన్నాను. ఇరుకైన దారిని మాత్రం మందుతో కొంత తెరవొచ్చు, వాపు తగ్గించొచ్చు, బీడీ మానితే త్వరగా ముదరకుండా చూసుకోవచ్చు.

ఇక పంపు భయం. ఇరవై రెండేళ్లలో నేను ఎక్కువసార్లు జవాబు చెప్పిన ప్రశ్న ఇదే. పంపు అలవాటు కాదు. జబ్బు జీవితాంతం ఉంటుంది కాబట్టి మందు కూడా జీవితాంతం ఉంటుంది, అంతే. బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల రోజూ వేసుకుంటున్నవాళ్లను అలవాటు పడ్డారని ఎవరూ అనరు కదా. "పంపు పవర్ ఎక్కువ, అది ఆఖరి మందు" అని ఇంకో మాట వింటుంటాను. లెక్క చూడండి. దమ్ముకు వాడే సాల్బుటమాల్ బిళ్ల 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. పంపులో అదే మందు ఒక్క పఫ్‌కు, అంటే ఒకసారి నొక్కితే, 100 మైక్రోగ్రాములు. ఒక బిళ్లలో ఉన్న మందు 40 పఫ్‌లకు సమానం. బిళ్ల కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి చివరికి ఛాతీకి చేరుతుంది. అందుకే చేతులు వణుకుతాయి, గుండె దడదడ కొట్టుకుంటుంది. పంపు మందు నేరుగా చేరాల్సిన చోటికి చేరుతుంది కాబట్టి అంత కొంచెం సరిపోతుంది.

పంపుల్లో రెండు రకాలు ఉంటాయి, ఇది తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. ఒకటి దమ్ము లేచినప్పుడు వెంటనే పనిచేసి కొన్ని గంటలు ఉండేది. రెండోది దమ్ము ఉన్నా లేకున్నా రోజూ టైముకు తీసుకోవాల్సింది, దీని పని నెమ్మదిగా తెలుస్తుంది. "రెండు రోజులు వాడిన, ఏం ఫరక్ లేదు సార్" అని మానేసేది ఈ రెండోదాన్నే. బాపుకు ఏది రాశారో చీటీ చూసి కనుక్కోండి.

పంపు ఎలా వాడాలో డాక్టరు చూపించకపోతే ఆ చీటీకి విలువ లేదు. ఇది నేను నా తప్పు నుంచే నేర్చుకున్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. మిషన్‌లో పెట్టి పీల్చే గుళికలు రాశాను. నెల తర్వాత వచ్చి "గుళికలు అయిపోయినయ్ సార్, దమ్ము మాత్రం అట్లనే ఉంది" అన్నాడు. మిషన్ ఏదని అడిగితే సంచిలోంచి తీశాడు, కవర్ కూడా విప్పలేదు. నెల రోజులూ గుళికలను నీళ్లతో మింగాడు. నేను చూపించలేదు, ఆయన మింగాడు. ఆ రోజు నుంచి నా ముందు ఒకసారి పీల్చి చూపిస్తే తప్ప ఎవరినీ బయటికి పంపను. పాత పేషెంట్లయినా సరే, వచ్చిన ప్రతిసారీ చూస్తాను.

బాపుకు రాసింది నొక్కే పంపు అయితే ఇలా చేయించండి. మూత తీసి బాగా ఊపాలి. ముందు ఊపిరి మొత్తం బయటికి వదలాలి. పంపు పళ్ల మధ్య పెట్టి పెదాలు బిగించి, నిదానంగా పీల్చడం మొదలుపెట్టినప్పుడే ఒకసారి నొక్కాలి. పీల్చడం ఆపకుండా నిండా తీసుకుని, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్ ఒక నిమిషం ఆగి. గుళిక మిషన్ అయితే పీల్చే తీరు దీనికి ఉల్టా, ఊపడం అవసరం లేదు, జోరుగా, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ (వాపు తగ్గించే మందు) కలిసిన పంపు అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూత వస్తుంది.

పెద్దవాళ్లకు నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు. అందుకని స్పేసర్, అంటే పంపుకూ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టం వాడించండి, మందుల షాపుల్లో దొరుకుతుంది. అప్పటికప్పుడు లేకపోతే అర లీటరు నీళ్ల సీసా పనికొస్తుంది. పిల్లల ఆస్తమాకు ఇలాంటి సీసా స్పేసర్‌గా బాగానే పనిచేస్తుందని పరిశోధనల్లోనే తేలింది. సీసా అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, కడిగి ఆరబెట్టి, ఒకవైపు పంపు, ఇంకోవైపు సీసా మూతికి నోరు పెట్టడమే. రంధ్రం వదులైతే మందు బయటికి పోతుంది. ఇంకో మాట, కొన్ని పంపుల్లో 200 పఫ్‌లు ఉంటాయి. అలాంటిది పూటకు రెండు చొప్పున రెండు పూటలు వాడితే 50 రోజులు వస్తుంది. ఖాళీ అయిన తర్వాత కూడా నొక్కితే గాలి వస్తుంది, శబ్దమూ వస్తుంది, మందు మాత్రం రాదు. మొదలుపెట్టిన తారీఖు డబ్బా మీద పెన్నుతో రాయించండి.

ఇంజెక్షన్ సంగతికి వస్తాను. ఊళ్లలో దమ్ముకు మామూలుగా చేసేవి రెండు: డెరిఫిలిన్, డెక్సామెథసోన్. రెండోది స్టెరాయిడ్. చేసిన గంటలోనే హాయిగా అనిపిస్తుంది, అందుకే జనం దాన్ని నమ్ముతారు. జబ్బు బాగా ముదిరి లేచినప్పుడు మేమూ స్టెరాయిడ్ ఇస్తాం, సాధారణంగా ఐదు రోజులు బిళ్లలు, అంతటితో ఆపేస్తాం. వారం వారం ఏళ్ల తరబడి అంటే వేరే కథ. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, 55 ఏళ్లు ఉంటాయి, మూడేళ్లు అలాగే చేయించుకుంది. మొహం గుండ్రంగా అయింది, చుట్టుపక్కల వాళ్లు "సూదులతోని ఒళ్లు పట్టింది" అన్నారు. నీళ్ల బకెట్ ఎత్తుతుంటే వెన్నుపూస విరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి షుగర్ కూడా వచ్చి ఉంది, తొడల్లో కండ కరిగిపోయి కుర్చీలోంచి లేవలేకపోయింది. ఒళ్లు పట్టడం కాదది.

అయితే ఇంతకాలం చేయించుకున్నది ఒక్కసారిగా ఆపకండి. స్టెరాయిడ్‌కు అలవాటుపడిన ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సిన హార్మోన్ తగ్గిపోయి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు. డాక్టర్‌కు "ఇన్ని నెలలుగా వారానికొకటి చేయించాం" అని సిగ్గుపడకుండా చెప్పండి, దాన్ని నెమ్మదిగా తగ్గించే పద్ధతి ఉంది. చీటీలు, ఖాళీ సీసాలు ఉంటే తీసుకెళ్లండి.

ఆర్‌ఎంపీని తిట్టమని నేను చెప్పను. అర్ధరాత్రి రెండింటికి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనే. క్యాంపులకు నేను వాళ్లనే ముందు పిలుస్తాను, పంపు, స్పేసర్ చేతికిచ్చి నేర్పిస్తాను. పంపు నేర్చుకున్న ఆర్‌ఎంపీ ఉన్న ఊళ్ల నుంచి నా దగ్గరికి దమ్ము లేచి వచ్చేవాళ్లు తగ్గడం నేను చూశాను.

ఇది సీఓపీడీయేనా అన్నది ఖాయం చేసుకోండి. స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష చేశారా? ఎక్స్‌రేతో ఇది ఖాయం కాదు, మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్క ఉదుటున ఊది, కనీసం ఆరు సెకన్లు ఊదుతూనే ఉండాలి. తర్వాత పంపు మందిచ్చి పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చింది 70 శాతం కన్నా తక్కువగా ఉంటే, పంపు ఇచ్చాక కూడా అలాగే ఉంటే, సీఓపీడీ. మందుకు బాగా పెరిగి మామూలు స్థాయికి వస్తే ఆస్తమా అనుకోవాలి. ఆస్తమా ఎక్కువగా చిన్నతనంలోనో యవ్వనంలోనో మొదలై వస్తూ పోతూ ఉంటుంది. సీఓపీడీ నలభై దాటాక మొదలై ఏటేటా ముదురుతుంది.

టీబీ గొడవ కూడా ఉంది. మన దగ్గర దగ్గు అంటే టీబీ, ఎక్స్‌రేలో మచ్చ అంటే మళ్లీ టీబీ. తెమడ పరీక్ష లేకుండానే రెండు మూడు కోర్సులు మందులు మింగినవాళ్లను చూశాను. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష తప్పకుండా చేయించాలి, సర్కారు దవాఖానలో ఫ్రీ. అందులో టీబీ క్రిమి లేకపోయినా దమ్ము ఉంటే మాత్రం ఊదుడు పరీక్షకు పంపాలి. నిజంగా టీబీ వచ్చి తగ్గినవాళ్లకు కూడా ఊపిరితిత్తులు దెబ్బతిని తర్వాత ఇలాంటి దమ్మే రావొచ్చు.

ఇప్పుడు అమ్మ. నిజం చెప్పాలంటే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ ఒక్క వాక్యం. బీడీ తాగని ఆడవాళ్లకు ఈ జబ్బు రాదని ఊళ్లో అనుకుంటారు, కొందరు డాక్టర్లు కూడా మర్చిపోతారు. మన దేశంలో 2016లో సీఓపీడీ ఉన్నవాళ్లు సుమారు 5 కోట్ల 53 లక్షల మంది అని అంచనా వేశారు. ఆ లెక్కల్లోనే ఇంకోటి తేలింది: ఈ జబ్బు భారంలో సగానికి పైగా గాలి కాలుష్యం వల్ల, అందులో ఇంట్లో పొయ్యి పొగ కూడా ఉంది. పొగాకు వాటా పావు వంతు. మా పత్తి ఊళ్లలో పత్తి ఏరడం అయ్యాక పత్తికట్టె తెచ్చి ఇంటి ముందు కుప్ప వేస్తారు, ఎండాకాలమంతా అదే వంటచెరకు. రేకుల కింద, కిటికీ లేని మూలలో, పొయ్యి ముందు గొట్టంతో ఊదుతూ కూర్చున్న మనిషి ముప్పై ఏళ్లలో ఎంత పొగ మింగి ఉంటుందో ఆలోచించండి. ఆమె పక్కనే చంటిపిల్ల కూడా ఉంటుంది.

గ్యాస్ వచ్చింది కదా అంటారు. వచ్చింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024లో తెలంగాణలో 500 రూపాయల సిలిండర్. నేను ఇళ్లలోకి వెళ్లి చూస్తే గ్యాస్ చాయ్‌కీ, చుట్టాలొస్తే కూరకీ. అన్నం, స్నానాల కాగు, పశువుల దాణా ఇంకా కట్టెల మీదే. కట్టె ఊరికే వస్తుంది కదా అని. ఒక్కసారిగా మానమంటే ఎవరూ వినరు. అందుకే నేను ముందు కాగు పొయ్యిని ఇంటికి దూరంగా, బయటికి మార్చమంటాను, వండేటప్పుడు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టవద్దంటాను, పచ్చి కట్టె వద్దంటాను. ఆ తర్వాత రోజూ వండే అన్నం గ్యాస్ మీదికి మార్చాలి. అది కుదిరితే పొగ చాలా తగ్గుతుంది. అమ్మకు కూడా ఊదుడు పరీక్ష చేయించండి.

పని దుమ్మును కూడా అడగండి. వరంగల్ చుట్టూ జిన్నింగ్ మిల్లుల్లో దూది ధూళి, సెలవు తర్వాత మొదటి రోజు పనికెళ్తే ఛాతీ పట్టేసినట్టు అవుతుందంటే అది ఆ ధూళి పనే. క్వారీల్లో, క్రషర్ల దగ్గర రాతి పొడి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు పొగాకు నలుసు. వీళ్లు బీడీ ముట్టించకపోయినా ఛాతీ దెబ్బతింటుంది.

బీడీ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మీకే తెలుసు. ఒక్కటే: "బీడీలో పొగాకు తక్కువ, సిగరెట్ కన్నా నయం" అన్నది అబద్ధం. బీడీ ఆరిపోకుండా గట్టిగా, ఎక్కువసార్లు పీల్చాలి, అందుకని తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువే లోపలికి పోతాయి. ముప్పై ఐదు దాటాక ఎవరికైనా మొదటి సెకనులో ఊదే గాలి ఏటా 25, 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. పొగ తాగేవాళ్లలో చాలామందికి దానికి రెట్టింపు. ఏ వయసులో మానినా ఆ తగ్గుదల దాదాపు మామూలు వేగానికి వస్తుంది. 61లో మానినా లాభమే. 1800-112-356 అనే ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి సాయం చేస్తారు.

ఊళ్లో ఏం చేయొచ్చు అన్నారు కదా, ఇది నా మనసుకు దగ్గరి విషయం. మొదట్లో క్యాంపుల్లో నల్లబడ్డ ఊపిరితిత్తుల పోస్టర్లు పెట్టి గంట మాట్లాడేవాణ్ని. జనం వినేవాళ్లు, బయటికెళ్లి బీడీ ముట్టించేవాళ్లు. "మీకు దమ్ము వస్తుందా?" అని అడిగితే పది మందిలో ఎనిమిది మంది లేదనేవాళ్లు. తర్వాత అర్థమైంది, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. దమ్ము వచ్చే పనులన్నీ ఒక్కొక్కటిగా మానేశారు. ఇప్పుడు వేరేగా అడుగుతాను: "మూడేళ్ల కింద బాయి కాడికి ఎట్ల పోయేది, ఇప్పుడెట్ల పోతున్నరు?" అప్పుడు చెప్తారు, "ఇప్పుడు పోతలేను సార్, కొడుకు చూసుకుంటుండు." "మీ ఈడువాళ్లతో సమానంగా నడుస్తరా?" అంటే "వెనక పడతా, వయసు మీద పడ్డది గద." వయసు మీద పడింది అన్న మాట దగ్గరే మన ఊళ్లలో ఈ జబ్బు దాక్కుంటుంది. మీరు ఊరికెళ్లినప్పుడు నలభై దాటినవాళ్లను ఇలా అడిగి చూడండి.

ఇంకోటి, ఇంట్లో కుర్రాళ్లకు అర్థం కావాలంటే ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో అర నిమిషం ఊపిరి తీసుకోమంటాను. పేషెంట్లతో, గుండె జబ్బు ఉన్నవాళ్లతో చేయించకూడదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లతోనే. "బాపు ఊరికే మూలుగుతుండు" అన్న కొడుకు స్ట్రా తీసేసి తండ్రి వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అన్నిటికన్నా బాగా పనిచేసేది మాత్రం పంపు వాడి బాగుపడిన మనిషే. వంగర దగ్గర ఒక ఊళ్లో ఒక పెద్దమ్మ అరుగు మీద కూర్చుని నలుగురి ముందు పంపు తీసుకునేది, అడిగినవాళ్లకు చూపించేది. ఆ ఒక్క వాడ నుంచే ఆరేడుగురు వచ్చి పరీక్ష చేయించుకున్నారు.

ఆశా కార్యకర్త ముప్పై దాటినవాళ్ల కోసం నింపే ఫారంలో ఆయాసం ఉందా, ఏ వంటచెరకుతో వండుతారు, పొగ దుమ్ము పని చేస్తారా అనే ప్రశ్నలు ఉన్నాయి. అవి నిజంగా అడిగి నింపితే సగం మంది అక్కడే దొరుకుతారు. మీ ఊరి ఆశాతో మాట్లాడండి, పల్లె దవాఖానలో ఏ మందులు ఉన్నాయో కనుక్కోండి. ఊదుడు పరీక్షకు వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి రావాల్సి ఉంటుంది.

మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో ఇచ్చే చేప మందు గురించి కూడా అడుగుతారు. అది సీఓపీడీని తగ్గిస్తుందని రుజువు లేదు. నమ్మకంతో వెళ్లేవాళ్లతో నేను వాదన పెట్టుకోను, పంపు మాత్రం ఆపవద్దని చేతులు పట్టుకుని చెప్తాను. మేడారం జాతర వెళ్లొచ్చా అన్నదీ అంతే. రద్దీ, దుమ్ము ఎక్కువ, జాతర అయిన వారం నా దగ్గర బెంచీలు నిండుతాయి. వెళ్లాల్సిందే అంటే పంపు నడుముకు కట్టుకుని, మంచి మాస్కు పెట్టుకుని, తోడుతో వెళ్లాలి.

మిగతావి త్వరగా చెప్తాను. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టర్ చెప్పినట్టు. రోజూ నడక, దమ్ము వస్తే ఆగి మళ్లీ నడవడం. మంచానికి అతుక్కుంటే కాళ్ల కండ కరిగి దమ్ము ఇంకా పెరుగుతుంది. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, గుడ్డు, పప్పు ఉండాలి. దమ్ము లేచినప్పుడు ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ముక్కుతో పీల్చి, వేడి చాయ్ ఊదినట్టు పెదాలు ముడిచి నెమ్మదిగా వదలాలి.

కనిపిస్తే ఆలస్యం చేయకూడని గుర్తులు: తెమడ రంగు పచ్చగా మారి ఎక్కువవడం, మామూలు కన్నా దమ్ము పెరగడం అంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మత్తుగా పడుకుని పొంతన లేకుండా మాట్లాడుతున్నా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్‌లో "ఈయనకు సీఓపీడీ" అని తప్పకుండా చెప్పండి. వీళ్లకు వేలికి పెట్టే మీటర్‌లో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంచితే చాలు. పెద్దగా తిప్పి 100కి చేర్చాలని చూస్తే ఒంట్లో బొగ్గుపులుసు గాలి పేరుకుని మనిషి మత్తులోకి జారుకోవచ్చు. ఇదే కారణంతో ఇంటికి ఆక్సిజన్ మిషన్ సొంతంగా కొనేయకండి. మామూలుగా ఉన్నప్పుడు కూడా 88 లేదా అంతకన్నా తక్కువ ఉంటున్నవాళ్లకు పరీక్ష చేసి రాస్తాం, అప్పుడు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి.

ఈ శనివారం ఊరికి వెళ్తున్నానన్నారు. పంపు తీయించి, మీ ముందు ఒకసారి పీల్చమనండి, ఫోన్‌లో వీడియో తీయండి. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ వీడియో, ఇంజెక్షన్ల లెక్క చూపించండి. అదే బండిలో అమ్మను కూడా ఎక్కించుకోండి. "నాకేం కాలే, పొయ్యి కాడ దగ్గే" అంటుంది. వినకండి.